అల్లుడా, కార్బురేటర్ జోలికి చివర్న పో

నాయన బండి స్లో నిలవడం లేదు మామా, కార్బురేటర్ విప్పి కడిగేదా అని ఫోన్లో అడిగావు. వద్దురా అల్లుడా, ఇప్పుడే వద్దు. చేతిలో స్క్రూడ్రైవరు ఉంటే పక్కన పెట్టి ఈ నాలుగు మాటలు నిదానంగా చదువు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతాయి, మిగతా సగం చెవిన పడేలోపు దేవరగట్టు పక్క మీ ఊళ్లో సిగ్నలు పోతుంది. అందుకే రాసి పంపుతున్నా.

స్లో నిలవలేదంటే ఎవరి చెయ్యైనా ముందు కార్బురేటర్ మీదికే పోతుంది. యాల? దాని స్క్రూలు బయటికి కనబడతాయి కాబట్టి. తిప్పిన వెంటనే చప్పుడు మారుతుంది. చప్పుడు మారిందంటే ఏదో బాగు చేసినట్టు మనసుకు తృప్తి. ఆదోనిలో షాపు నడిపినన్నాళ్లూ నేను చూసింది ఇదే, రోగం ఒకచోట, మందు ఇంకోచోట. ప్లగ్ క్యాప్ వదులైన బండికి కార్బురేటర్ కడిగేవాళ్లు. ట్యాపెట్ బిగుసుకున్న బండికి ఎయిర్ స్క్రూ తిప్పేవాళ్లు. నా దగ్గరికి వచ్చేసరికి రెండు రోగాలుండేవి. మొదట ఉన్నది ఒకటి, మధ్యలో తెచ్చిపెట్టింది ఒకటి. రెండోదాన్ని పట్టుకోవడమే ఎప్పుడూ కష్టం.

ఎప్పటి నుంచి ఇట్లా అయిందో నువ్వే చెప్పావు, కానీ నీ మాటను నువ్వే పట్టించుకోలేదు. ఉగాదికి సుగ్గి నుంచి వచ్చినాక అన్నావు. అంటే మీరు గుంటూరు పక్క మిరపకోతలకు పోయినన్ని నెలలూ బండి వసారాలో కదలకుండా నిలబడింది. మన ఆలూరు, హోళగుంద, కోసిగి పల్లెల్లో సగం ఇళ్లకు తాళాలు పడే కాలం అది. మనుషులు పరాయి జిల్లాలో కూలికి వంగి ఉంటే, ఇంటిదగ్గర బండి కార్బురేటర్ గిన్నెలో ఉన్న గుక్కెడు పెట్రోలు ఎండిపోతూ ఉంటుంది. పెట్రోల్లో తేలికైనదంతా ముందు ఆవిరైపోతుంది. మిగిలేది పసుపుపచ్చని బంక. ఆ బంక ముందు మూసేది స్లో జెట్ రంధ్రాన్ని. ఆ రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. కాబట్టి నీ అనుమానం తప్పని అనడం లేదు. బహుశా చివరికి కార్బురేటరే తేలుతుంది. కానీ మిగతావన్నీ చూసినాకే తేలాలి. లేకపోతే విప్పి, కడిగి, బిగించినాక కూడా స్లో నిలవకపోతే అప్పుడు ఎవరిని అనుమానిస్తావు?

కార్బురేటర్ చేసే పనేమిటో రోంత తెలుసుకో. ఇరుకైన దారిలో గాలి వేగంగా పోతే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. వెంచూరి అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు గమనించిన సంగతి ఇది. ఒత్తిడి తగ్గినచోటికి గిన్నెలోని పెట్రోలు సన్నటి గొట్టంలోంచి ఎగసి వచ్చి గాలిలో కలుస్తుంది. 1893లో విల్‌హెల్మ్ మేబాక్ అనే జర్మన్ ఇంజినీరు పెట్రోలును ఇట్లా చిమ్మే కార్బురేటర్‌ను తయారుచేశాడు. మీ నాయన స్ప్లెండర్‌లో ఉన్నదీ ఆ వంశంలోదే. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. రేస్ ఇచ్చినప్పుడు పెద్ద జెట్టు, సూది ఆ లెక్క చూసుకుంటాయి. రేస్ వదిలేస్తే స్లైడ్ దిగిపోయి దారి దాదాపు మూసుకుంటుంది. అప్పుడు బండిని బతికించేది స్లో జెట్, దాని సన్నటి దారి మాత్రమే. రోడ్డు మీద బాగా లాగుతుంది, ఆలూరు సర్కిల్లో ఆపితే చస్తుంది అన్నావే, ఆ రెండు ముక్కల్లోనే సంగతంతా ఉంది. పెద్ద జెట్టుకు జబ్బు లేదు.

సరే, వరసలో పోదాం. బండి చల్లగా ఉన్నప్పుడు ఆరుబయట నిలబెట్టు. వసారాలో తలుపు మూసుకుని ఇంజిన్ ఆడించొద్దు, ఆ పొగ వాసన తెలియకుండానే మనిషిని పడేస్తుంది. బీడీ తాగే మీ చిన్నాయన్ను రోంతసేపు అరుగు మీద కూర్చోమను.

ముందు పెట్రోలు. కార్బురేటర్ గిన్నె అడుగున చిన్న డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. దాని కింద గాజు సీసా పెట్టి వదులు చెయ్యి. వచ్చిన పెట్రోలును వెలుగులో పట్టి చూడు. అడుగున నీటి బొట్లు జారుతున్నాయా? ఎర్రటి తుప్పు పొడి దిగిందా? అవి కనబడితే కార్బురేటర్ ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు, ట్యాంకులోంచి మళ్లీ దిగుతూనే ఉంటాయి. ట్యాంకు, కాక్ జాలీ ముందు శుభ్రం కావాలి. తర్వాత పైపు ఊడదీసి కాక్ తిప్పు. ధార ఆగకుండా రావాలి. మొదట బాగా వచ్చి తర్వాత సన్నబడితే ట్యాంకు మూత తెరిచి చూడు. ధార మళ్లీ లావైతే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినట్టు. రెండు మూడు కిలోమీటర్లు పోయి ఆగిపోవడం, రోంతసేపుంటే మళ్లీ స్టార్ట్ కావడం అనే దయ్యం పట్టిన బండ్లలో శానా వాటికి ఇదే కారణం.

ఇప్పుడు గాలి. ఈ విషయం మీద నేను ఎక్కువసేపు మాట్లాడతా, విసుక్కోకు. మన సీమ దుమ్ము వేరు. నల్లరేగడి ఎండితే పిండిలాగా లేస్తుంది, హోళగుంద దారిలో ట్రాక్టరు వెనక పోతే కళ్లు కూడా కనబడవు. దాని తోడు పత్తి. దసరా దాటితే ఆదోని యార్డుకు, జిన్నింగు మిల్లులకు పత్తి బండ్లు కట్టల్లేని వాగులా వస్తాయి. ఆ రోడ్ల మీద, మిల్లు గేట్ల దగ్గర గాల్లో నూగు తేలుతూ ఉంటుంది. యార్డుకు రోజూ తిరిగే బండి ఫిల్టరు విప్పితే దుమ్మూ నూగూ కలిసి కంబళిముక్కలా ఊడొచ్చేది. కంపెనీ పుస్తకంలో ఇన్ని వేల కిలోమీటర్లకు ఒకసారి అని రాసిన లెక్క మంచి తారురోడ్డుకు. మనకు దాంట్లో సగం అనుకో.

ఫిల్టరు మూసుకుపోతే గాలి తగ్గి పెట్రోలు పాలు ఎక్కువవుతుంది. ప్లగ్గు నల్లబడుతుంది, స్లో గుడగుడమంటూ పడిపోతుంది, మైలేజీ పోతుంది. ఫిల్టరు స్పాంజిదైతే కిరసనాయిల్లో పిసికి, మెలిపెట్టకుండా అదిమి పిండి, నీడన ఆరబెట్టి, ఇంజిన్ ఆయిల్ రోంత పట్టించి మళ్లీ పిండెయ్. ఆ జిడ్డే దుమ్మును పట్టేది. పేపర్ ఫిల్టరైతే కడగొద్దు, తడిస్తే పనికిరాదు. లోపలి నుంచి బయటికి మెల్లగా గాలి కొట్టు, మరీ నల్లబడితే కొత్తది వెయ్. కొందరు కుర్రాళ్లు చప్పుడు బాగుంటుందని ఫిల్టరే తీసి పారేస్తారు. నువ్వు ఆ పని చేస్తే మాత్రం నా గడప తొక్కొద్దు. రేగడి దుమ్ము నేరుగా బోరులోకి పోతే పిస్టన్ రింగులు అరిగి, నీలిపొగ పట్టి, బోరింగు ఖర్చు మీ అమ్మ చీటీ డబ్బుల్లోంచి తీయాల్సొస్తుంది.

ప్లగ్గు విప్పి దాని రంగు చూడు. కాల్చిన ఇటుక రంగు లేక లేత గోధుమ రంగు ఉంటే ఇంజిన్‌కు కడుపునిండా, సరిగ్గా తిండి అందుతున్నట్టు. పొడి నల్లమసి పడితే పెట్రోలు ఎక్కువ. తెల్లగా సుద్దలా ఉంటే పెట్రోలు తక్కువ, లేదా ఎక్కడో దొంగగాలి లాగుతోంది. తడిగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది, అది వేరే కథ. రాత్రిపూట లైటార్పి బండి ఆడించు. ప్లగ్ క్యాప్ దగ్గర నీలం మెరుపులు దూకుతుంటే కరెంటు దారి తప్పుతున్నట్టే. వైరు చివర రోంత కత్తిరించి క్యాప్ మళ్లీ తిప్పి బిగిస్తే పాత బండ్లలో శానా మిస్సింగులు అక్కడితో ఆగిపోతాయి. రాజ్‌దూత్‌లకు, యెజ్డీలకు ప్లాటినం పాయింట్లు ఉండేవి, వాటి మధ్య సందు తప్పితే చచ్చే చావు. నీ బండికి ఆ తిప్పలు లేవు.

చల్లగా స్టార్టయి, బాగా ఆడి, వేడెక్కినాక మాత్రం స్లో చచ్చిపోతోందా? అయితే ట్యాపెట్లు చూపించు. వేడికి లోహం సాగుతుంది. సందు లేకుండా బిగుసుకున్న వాల్వు వేడి మీద పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ జారిపోతుంది. ట్యాపెట్ చప్పుడు చేస్తే అందరూ బిగించమంటారు, చప్పుడు లేకపోతే సంతోషిస్తారు. నా మటుకు నాకు రోంత టకటకమనే ట్యాపెట్టే ఇష్టం, గమ్మున ఉన్నదాన్ని నమ్మను. ఇంజిన్ పూర్తిగా చల్లారినాక ఫీలర్ గేజ్ పెట్టి చూసేవాడి దగ్గరికి పో. చేతి అంచనాతో బిగించేవాడి దగ్గరికి వద్దు.

ఇంకొకటి, క్షణం పని. బండి స్లోలో ఆడుతుండగా హ్యాండిల్ ఆ పక్కకు, ఈ పక్కకు పూర్తిగా తిప్పు. రేస్ దానంతటదే పెరిగితే ఎక్సలేటర్ కేబులు బిగుతుగా ఉంది, లేదా దారి తప్పి పట్టేస్తోంది. అది సరిచేయకుండా స్లో సెట్ చెయ్యడం వృథా.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయా? ఇప్పుడు చోక్ పరీక్ష. బండిని బాగా వేడెక్కించు. స్లోలో తడబడుతున్నప్పుడు చోక్ సగం వెయ్. తడబాటు తగ్గి ఇంజిన్ కుదురుకుంటే దానికి పెట్రోలు చాలడం లేదని అర్థం. స్లో జెట్ మూసుకుంది, లేదా దొంగగాలి వస్తోంది. చోక్ వెయ్యగానే ఇంకా ఉక్కిరిబిక్కిరై ఆగిపోతే పెట్రోలు ఎక్కువైనట్టు, గిన్నెలో ఫ్లోట్ సూది సరిగ్గా మూసుకోవడం లేదేమో చూడాలి. రేస్ ఇచ్చి ఠక్కున వదిలి చూడు. చప్పుడు వెంటనే దిగకుండా పైనే వేలాడి మెల్లగా దిగితే అదీ పెట్రోలు చాలకే. ఒక్క రూపాయి ఖర్చు లేని ఈ పరీక్ష చెయ్యకుండా కార్బురేటర్ విప్పేవాణ్ణి మెకానిక్కని నేననను.

దొంగగాలి అన్నాను కదా, అది కార్బురేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య అతుకులో దూరుతుంది. అక్కడ నల్లటి ఇన్సులేటరు, ఓరింగు ఉంటాయి. వేసవిలో మన ఎండలకు ఆ రబ్బరు గట్టిపడి పగులుతుంది. స్లోలో ఆడుతుండగా సబ్బునీళ్లు రోంత ఆ అతుకు చుట్టూ వెయ్, చప్పుడు మారితే దొంగ దొరికినట్టే. పెట్రోలు చల్లి చూసేవాళ్లున్నారు, వేడి ఇంజిన్ మీద ఆ పని చెయ్యొద్దు. బోల్టులు బలం కొద్దీ బిగించినా గాలి ఆగదు. పైగా కార్బురేటర్ అంచు వంగి సందు ఇంకా పెరుగుతుంది. అంచును అద్దం మీద ఆనించి చూస్తే వంపు తెలిసిపోతుంది. ఆరెక్స్ హండ్రెడ్ లాంటి టూ స్ట్రోక్ బండ్లలోనైతే క్రాంక్ ఆయిల్ సీలు అరిగినా ఇట్లాగే గాలి లాగుతుంది. స్లో ఎంత తిప్పినా ఒకచోట నిలవదు. పెట్రోలు చాలక వేడెక్కి పిస్టన్ పట్టేసిన ఆరెక్స్ హండ్రెడ్లు నా షాపు ముందు ఎన్నో నిలబడ్డాయి.

ఇప్పటికీ తేలకపోతే, అప్పుడు విప్పు. కాక్ మూసి, గిన్నె ఖాళీ చేసి, తెల్లటి పాత పంచె పరిచి దాని మీద విప్పు. తీసిన వస్తువు తీసిన వరసలోనే పెట్టు. ఎయిర్ స్క్రూ తీసేముందు మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆనిందో గోడ మీద బొగ్గుతో రాసుకో. ఆనింది అనగానే ఆపెయ్, బిగించొద్దు, దాని మొన విరిగితే లోపలి సీటు పాడవుతుంది. జెట్లు ఇత్తడివి. వాటిలో గుండుసూది, స్టీలు తీగ దూర్చొద్దు. రంధ్రం రోంత పెద్దదైనా లెక్క శాశ్వతంగా మారిపోతుంది. కార్బురేటర్ క్లీనరు చల్లి నానబెట్టు. మొండికేస్తే కరెంటు వైరులోని ఒక్క రాగి పోగుతో మెల్లగా తియ్. తర్వాత పంక్చరు షాపులో గాలి కొట్టించు. ఫ్లోటు, రబ్బర్లు తీసేసినాకే కొట్టించాలి, కళ్లకు అడ్డం పెట్టుకోవాలి. జెట్టును ఆకాశం వైపు పట్టి చూస్తే గుండ్రటి వెలుగు చుక్క కనబడాలి. చుక్క ఓరగా ఉంటే ఇంకా బంక ఉన్నట్టే.

సెట్టింగుకు ముందు ఆ స్క్రూ ఎక్కడుందో చూసుకో. ఫిల్టరు వైపు ఉంటే అది గాలిని ఆపే స్క్రూ, లోపలికి తిప్పితే పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇంజిన్ వైపు ఉంటే మిక్చరును ఆపేది, లోపలికి తిప్పితే పెట్రోలు తగ్గుతుంది. ఈ తేడా తెలియక ఉల్టా తిప్పేవాళ్లే ఎక్కువ. బొగ్గుతో రాసిన లెక్క నమ్మకం లేకపోతే చుట్టున్నర వదిలి మొదలుపెట్టు. బండి బాగా వేడెక్కినాక స్లో స్క్రూతో చప్పుడు రోంత పెంచుకో. ఎయిర్ స్క్రూను పావుచుట్టు చొప్పున లోపలికి తిప్పు, ప్రతిసారీ ఆగి విను. చప్పుడు పడిపోయేచోటు గుర్తుపెట్టుకో. మళ్లీ బయటికి తిప్పుతూ అటువైపు పడిపోయేచోటు చూడు. ఆ రెంటి మధ్య చప్పుడు ఎక్కువగా, నున్నగా ఉన్నచోట వదిలెయ్. ఆఖరున స్లో స్క్రూ తగ్గించు. నువ్వు ఉగాది నుంచి చేస్తున్నది స్లో స్క్రూ ఒక్కటే పెంచడం. అది జ్వరం ఉండగా థర్మామీటరు దాచిపెట్టడమే. పైగా పెట్రోలు కాలుతోంది, గేర్లు టక్కుమని పడుతున్నాయి.

పెట్రోలు కూడా మారింది. 2023 నుంచి పంపుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిపినది రావడం మొదలైంది. ఇథనాల్ కిలోకు తొమ్మిది కిలోల గాలి చాలు, కాబట్టి పాత జెట్టుతో పాత బండి రోంత పెట్రోలు చాలనట్టుగానే నడుస్తుంది. అది తేమను కూడా పీల్చుకుంటుంది. తేమ మితి మీరితే నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి. పాతకాలపు రబ్బరు పైపులకూ ఓరింగులకూ అది పడదు. అట్లాగని బండి అమ్మనక్కర్లేదు. పైపులు, ఓరింగులు ఇప్పటివి వెయ్, ట్యాంకులో నెలల తరబడి పెట్రోలు నిలవుంచొద్దు. ఈసారి సుగ్గికి పోయే ముందు కాక్ మూసి, బండి దానంతటదే ఆగేదాకా ఆడించి గిన్నె ఎండబెట్టు. డ్రెయిన్ స్క్రూ కూడా తిప్పి మిగిలిన చుక్క తీసెయ్. అయిదు నిమిషాల పని, వచ్చినాక మూడు దినాల తిప్పలు తప్పుతాయి.

కొత్త కార్బురేటర్ కొనేస్తే పోదా అని కూడా అడిగావు. నకిలీవి సగం ధరకు దొరుకుతాయి. చూడ్డానికి మెరుస్తాయి, వాటి జెట్ల కొలతలు దేవుడికెరుక. మీ నాయన కొన్నప్పటి కార్బురేటర్ జపాన్ కొలతల మీద తయారైంది, స్లైడ్ అరగనంతవరకు దాన్ని పారెయ్యొద్దు. 1985లో సీడీ హండ్రెడ్ వచ్చినప్పుడు పెట్రోలు పోసి, మూతపెట్టి, మరిచిపొమ్మని కంపెనీ ప్రకటన ఇచ్చింది. 1994లో స్ప్లెండర్ వచ్చేసరికి జనం నిజంగానే మరిచిపోయారు. అంత మంచి ఇంజిన్ అది. కానీ మరిచిపొమ్మన్నది పెట్రోలు సంగతి, ఫిల్టరు సంగతి కాదు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చే బండ్లకు దాదాపు కార్బురేటరే లేదు, కంప్యూటరు లెక్కేసి పెట్రోలు చిమ్ముతుంది. వాటిని చూసే పిల్లలు తెలివైనవాళ్లే, కానీ చెవితో వినే అలవాటు వాళ్లకు అవసరం పడలేదు. అందుకే నిన్నే నేర్చుకోమంటున్నా.

దేవరగట్టు మీద కర్రలతో కొట్టుకునే బన్ని ఉత్సవం దగ్గర పడుతోంది. దసరా రాత్రి స్వామి కల్యాణం చూడకుండా ఉండలేవని నాకు తెలుసు, మీ ఊరి వాళ్లంతా పోతారు. కర్రల జోలికి పోవద్దని మీ అమ్మ చెబుతుంది, నేను బండి సంగతి చెబుతా. ఆ రాత్రి గట్టు దారుల్లో జనం, ట్రాక్టర్లు కిక్కిరిసి ఉంటాయి, గంటల తరబడి స్లోలోనే పాకాలి. స్లో నిలవని బండి అక్కడ పది అడుగులకొకసారి కిక్కు కొట్టిస్తుంది. ఇంకా ముఖ్యం, కార్బురేటర్ ఓవర్‌ఫ్లో అయ్యి పెట్రోలు కారుతుంటే ఆ బండిని ఇంటి దగ్గరే వదిలెయ్. చుట్టూ దివిటీలు ఆడుతుంటాయి. ట్రాక్టర్‌లో పో, లేదా నడిచి పో. బండి తీసుకుపోయినా దూరంగా నిలబెట్టి కాక్ మూసి పో.

ఈ వారంలో ఇదంతా చెయ్. ఒక పూట ఒక్కటే మార్చు, మార్చింది రాసుకో. ఆదివారం ఆదోనికి వస్తానన్నావు కదా, వచ్చేటప్పుడు పాత ప్లగ్గు కాగితంలో చుట్టి తీసుకురా. తుడవకు, ఉన్నది ఉన్నట్టుగానే తే.